ఎనిమిది మీద మూడు

నాలుగూ ఎనిమిది. "దిగానే" అని అక్క మెసేజ్ పెట్టి మూడు నిమిషాలైంది. ఒక్క మాట. ఫోన్ ఎవరో వెనక నుంచి లాక్కుంటారన్నట్టే పెడుతుంది ఎప్పుడూ. దిగిందంటే మెట్లు దిగింది, వీధి గుమ్మం దాటింది, ఇప్పుడు మందుల షాపు ముందు నుంచి నడుస్తూ ఉంటుంది, సంచి కుడిచేతికి, ఎందుకంటే ఎడమ పక్క ఎముక ఇంకా అతుక్కోలేదు, ఊపిరి గట్టిగా తీస్తే పొడుస్తోందని నిన్న ఫోన్లో చెప్పింది, నవ్వినా పొడుస్తోందే, నన్ను నవ్వించకు అంది, నేనేం నవ్వించాను, నేను ఏడుస్తున్నాను. బస్టాండుకి మామూలు మనిషికి పావుగంట నడక, ఆమెకి అరగంట. బస్సు నాలుగూ యాభైకి. నా కుడిచెవిలో హాలంతా మోగుతున్న పాట, ఎడమచెవి మీద హెడ్‌ఫోన్, అందులో ఇంకా ఎవరికీ వినపడని తర్వాతి పాట, రెండింటి మధ్య నా బుర్ర, బుర్రలో అక్క చెప్పుల చప్పుడు. ఈ పాట వేగం నూట ఇరవై రెండు, అంటే నిమిషానికి నూట ఇరవై రెండు బీట్లు. నలభై రెండు నిమిషాలకి ఐదు వేల నూట ఇరవై నాలుగు. లెక్కలు రాక బడి మానేసినదాన్ని నేను, ఈ లెక్క మాత్రం అడక్కుండానే వచ్చేస్తుంది.

ఇది నేలమాళిగ. ఒకప్పుడు కాగితం గోడౌను, గోడల్లో ఇంకా ఆ తడి వాసన ఉంది. ఆదివారాలు మధ్యాహ్నం మూడింటికి తెరిచి ఆరింటికి మూసేస్తారు, బయట ఎండ మండిపోతుంటే ఇక్కడ నూటయాభై మంది చీకట్లో గెంతుతూ ఉంటారు. కింద ఫోన్లు పనిచెయ్యవు. సిగ్నల్ అన్నది పై మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ డీజేని నేనే, నా బల్ల కింద పాటలు దించుకోడానికి ఒక వైఫై డబ్బా ఉంది, దాని పాస్‌వర్డ్ నాకూ ఓనరుకీ తప్ప ఎవరికీ తెలియదు, ఓనరు ఆదివారాలు రాడు. కాబట్టి ఇంత పెద్ద హాల్లో ఇప్పుడు బతికున్న ఫోన్ నాదొక్కటే. బావ ఫోన్ కూడా బతికే ఉంది, ఎందుకంటే బావ పైన గేటు దగ్గరున్నాడు, ఇక్కడి సెక్యూరిటీకి పెద్ద అతనే. మా అక్క మొగుడు. అతని అమ్మ రోజూ నాలుగింటికి మేడ మీదికి ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్ళి, పక్కింటావిడతో ఊళ్ళో వాళ్ళందరినీ ఉతికి ఆరేసి, నాలుగున్నరకి దిగుతుంది. దిగి కోడలు లేదని చూస్తుంది. కొడుక్కి ఫోన్ చేస్తుంది. గేటు నుంచి బస్టాండుకి బండి మీద ఐదు నిమిషాలు. పోయినసారి అక్క వెళ్ళిపోబోతే అక్కడే పట్టుకున్నాడు, టికెట్ వరసలో, అరవలేదు, చెయ్యెత్తలేదు, "పద" అన్నాడట, చెయ్యి పట్టుకుని సంచి తనే మోసుకుని ఇంటికి తీసుకొచ్చి టీవీ పెట్టాడు. అందుకని నాలుగున్నర నుంచి నాలుగూ యాభై దాకా బావ ఈ నేలమాళిగలో ఉండాలి, జేబులో చచ్చిన ఫోనుతో, నా కళ్ళ ముందు. ఇరవై నిమిషాలు. ఇవాళ నా పని అదొక్కటే.

టీవీ పెట్టాడంటే ఏమిటో నాకు తెలుసు. అమ్మ పోయాక రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను, పదిహేనేళ్ళప్పటి నుంచి పదిహేడు దాకా, వంటింటి పక్క గదిలో, గోడకి ఆనించి వేసిన మంచం మీద. ముందు తలుపు వేసిన చప్పుడు. తర్వాత టీవీ, ఏ చానలైతేనేం, వార్తలు, ఆటలు, సబ్బుల ప్రకటనలు, శబ్దం పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, కిటికీ అద్దం జివ్వుమనేదాకా పెరుగుతుంది, ఆ శబ్దం కింద ఇంకో మెత్తటి చప్పుడు, పరుపు దులిపినట్టు. నేను లెక్కపెట్టేదాన్ని. ఏం చెయ్యాలో తెలియక లెక్కపెట్టేదాన్ని. బావ చేతికి ఒక వరస ఉంది, నాలుగు కొట్టి ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడో, తర్వాత ఎక్కడ కొట్టాలో చూసుకుంటాడో. ఒకరోజు పొద్దున్న నా చేతిలో రంగు కాగితం చుట్టిన డబ్బా పెట్టాడు. లోపల హెడ్‌ఫోన్లు, మంచివి, చెవి మొత్తం కప్పేసేవి. "పెట్టుకోవే మరదలా. సౌండు గట్టిగా పెట్టుకో. నీకు పాటలంటే ఇష్టం కదా" అన్నాడు. అక్క పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, తిరగలేదు. నేను థాంక్స్ బావా అన్నాను. అన్నాను, సిగ్గులేకుండా. ఆ రోజు నుంచి పెట్టుకున్నాను కూడా. నాలుగు నాలుగుగా కొట్టే పాటలు నాకు అలా దొరికాయి, గోడ అవతలి లెక్క వినపడకుండా ఇవతలి లెక్క. ఈ పనిలోకి ఎలా వచ్చావని అడిగేవాళ్ళకి చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణమండీ అని చెప్తాను, వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, నవ్వాక నా మూతి మీద నేనే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

నాలుగూ పదహారు. ఇప్పుడు ఏడు మోగుతోంది. ప్రతి పాటకీ నా దగ్గర రెండు గుర్తులుంటాయి, ఒకటి వేగం, ఒకటి శ్రుతి. శ్రుతులకి గడియారంలా పన్నెండు అంకెలు. పక్కపక్క అంకెల పాటలు కలిసిపోతాయి, ఏడు లోంచి ఎనిమిదిలోకి, ఎనిమిది లోంచి తొమ్మిదిలోకి, వేగం సమానం చేసి మెల్లగా ఒకటి తగ్గించి ఒకటి పెంచితే, ఏ పాట ఎక్కడ అయిపోయిందో కింద ఆడేవాళ్ళకి తెలియదు, గంటసేపు ఒకే పాట విన్నామనుకుని ఇంటికి వెళ్తారు. నాకున్న పొగరంతా అదే. ఎనిమిది మీద మూడు మాత్రం వెయ్యకూడదు. రెంటికీ శ్రుతిలో అర మెట్టు తేడా, రెండూ ఒకేసారి మోగితే చెవిలో చీపురుపుల్ల పెట్టి తిప్పినట్టుంటుంది. కొత్తలో ఒకసారి అంకె తప్పు చదివి వేశాను, అర నిమిషం కూడా లేదు, మూలన ఇద్దరు కారణం లేకుండా తన్నుకున్నారు. హాలుకి ఆ చివర లైట్లు చూసే బాబాయి ఉంటాడు, అరవై దాటిన మనిషి, మోకాలు సరిగ్గా వంగదు, కళ్ళజోడుకి దారం కట్టుకుంటాడు, ఆ రోజు పనయ్యాక కుంటుకుంటూ వచ్చి "ఏం వేశావమ్మా, నా పళ్ళు పులిసిపోయాయి" అన్నాడు. ఇక్కడి పద్ధతి నేర్పింది కూడా ఆయనే. కింద గొడవైతే ఆయన తెల్ల లైటు వేస్తాడు, వేసిన నాలుగు బీట్లలో నేను పాట ఆపెయ్యాలి. ఎందుకు బాబాయ్ అంటే, "పాట ఆగిందనుకో, చెయ్యి ఆగుతుంది. అందరూ చూస్తుంటే, చప్పుడు లేకుండా ఎవడూ ఎవణ్ణీ కొట్టలేడమ్మా, సిగ్గేస్తుంది" అన్నాడు. ఐదేళ్ళలో పదిసార్లు వేశాడేమో, పదిసార్లూ ఆపాను. ఇవాళ్టి సంగతి ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెపితే మొహాల్లో తెలుస్తుంది, బావ మొహాలు చదువుతాడు, అదే అతని ఉద్యోగం.

నాలుగూ ఇరవై రెండు. అక్క పెట్రోలు బంకు దాటి ఉండాలి. టాక్సీ ఎక్కే వీల్లేదు, సందు చివర టాక్సీలవాళ్ళంతా బావతో కలిసి టీలు తాగేవాళ్ళే. నడవాలి. తల మీద కొంగు కప్పుకోవద్దని చెప్పాను, కప్పుకుంటే దాక్కున్నట్టు కనిపిస్తావు, మామూలుగా ఉండు, కూరగాయలకి వెళ్తున్నట్టు నడువు అని. మామూలుగా ఉండడం ఆమెకి నేను చెప్పాలా, పన్నెండేళ్ళుగా అదే చేస్తోంది, పెదవి పగిలితే జ్వరపు పొక్కంది, ముందు పన్ను ఊడితే గిన్నె తగిలిందంది, ఆ పన్ను నేను చూశాను, సింకులో, అంట్ల మధ్య, పాలపన్నులా చిన్నది, దాన్ని తీసి జేబులో వేసుకున్నాను, ఎందుకో తెలియదు. ఎనిమిదో అంకె పాట ఎక్కించాను. అక్క పాట. పాట కూడా కాదు, మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె చెక్క మీద ఉల్లిపాయలు తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది, ఆమెకి ఆమే వినిపించుకోనంత సన్నగా, నేను ఫోన్లో రికార్డు చేశాను. ఆ రాగం కింద నూట ఇరవై రెండు బీట్లు పరిచాను, కత్తి చెక్కకి తగిలిన చప్పుణ్ణి తీసి చప్పట్లు పడాల్సిన చోట పెట్టాను. ఇక్కడ అందరికీ ఇష్టం ఈ రీమిక్స్. అందరికంటే బావకి ఇష్టం. ఇది మొదలైతే ఎక్కడున్నా మెట్లు దిగి వస్తాడు, నా బల్ల ముందు నిలబడి పక్కవాడి భుజం తట్టి మా ఆవిడ గొంతండీ అని చెప్పుకుంటాడు. ఆ గర్వం మీదే నేను ప్లాను వేసుకున్నాను, నాకు ఇంకో గతి లేదు. మామూలుగా ఆరు నిమిషాల పాట. పొద్దున్నే కూర్చుని పద్దెనిమిది నిమిషాలకి సాగదీశాను, రికార్డులో ముందు కోసి పారేసిన ముక్కలన్నీ మళ్ళీ అతికించి.

ఇరవై ఆరు. ఏడు తగ్గుతోంది, ఎనిమిది పెరుగుతోంది, ఎక్కడా అతుకు లేదు. అక్క గొంతు నాలుగు స్పీకర్లలోంచి ఒకేసారి లేచింది, బస్టాండు దారిలో నోరు మూసుకుని నడుస్తున్న మనిషి గొంతు, ఇక్కడ పైకప్పు అదిరిపోతోంది. చూపు మెట్ల మీదే పెట్టాను. పదహారు బార్లు, నాలుగేసి బీట్లకి ఒక బారు. ముప్ఫై రెండు. రాలేదు. చెమట హెడ్‌ఫోన్ లోపలికి కారుతోంది. ఎవడైనా గేటు దగ్గర కబుర్లలో పెట్టాడా, చెవుడొచ్చిందా వీడికి, రారా, దిగరా, నీ పెళ్ళాం పాడుతోంది దిగరా. నలభై బార్లకి బూట్లు కనిపించాయి, నల్లవి, మెరుస్తూ, తర్వాత ఇస్త్రీ ప్యాంటు, తర్వాత ఆ చేతులు. ఇరవై ఎనిమిది.

"ఏవే మరదలా, ఇవాళ ముందే వేశావేం మా ఆవిడ పాట? ఆఖర్న కదా వేస్తావు?" అన్నాడు బల్ల మీదికి వంగి.

"జనం అడిగారు బావా."

"అడగరా మరి. ఎవరి పెళ్ళాం!"

"కొత్తగా చేశాను, ఈసారి పెద్దది. చివరిదాకా ఉండి చెప్పు, బాగుందో లేదో."

నవ్వాను. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను. అతని దగ్గర సబ్బు వాసన, ఎప్పుడూ శుభ్రంగా ఉంటాడు. చేతులు నా బల్ల అంచు మీద పెట్టాడు, వేళ్ళు బీటుకి ఆడిస్తున్నాడు, కుడిచేతి ఉంగరం బల్లకి తగిలి టిక్కుటిక్కుమంటోంది, ఆ ఉంగరం అచ్చు అక్క చెంప మీద రెండు వారాలుండడం చూశాను. పాటలు కలిపే నా మిక్సర్ పెట్టె మూత పక్కనే ఉంది, ఇనుప అంచుది, ఎనిమిది కిలోలు. ఎత్తి ఆ వేళ్ళ మీద వేస్తే. ఒకసారి కాదు, నాలుగుసార్లు వేసి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నాలుగు. ఎముకల చప్పుడు ఏ శ్రుతిలో ఉంటుందో వినాలనుంది నాకు. నిజంగా వినాలనుంది, ఇది కోపంలో అనే మాట కాదు, ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ మూత తీసి పక్కన పెట్టేటప్పుడల్లా అనుకుంటాను. కానీ చేతులు విరిగినవాణ్ణి పైకి మోసుకెళ్తారు, పైన ఫోన్ మోగుతుంది. చెయ్యి మూత మీద నుంచి తీసి ఫేడర్ మీద, పాట సౌండు పెంచీ తగ్గించే మీట మీద పెట్టుకున్నాను. ముప్ఫై. ఇప్పుడు బావ అమ్మ మేడ దిగుతోంది.

ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. కోడలు పేరు పెట్టి పిలుస్తూ గదులన్నీ తిరుగుతూ ఉంటుంది. అక్క రాగం ఎక్కుతోంది, దిగుతోంది, కత్తి చెక్క మీద పడుతోంది, బావ కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు, చూసేవాళ్ళకి ఎంత ముచ్చటగా ఉంటుందో, పెళ్ళామంటే ప్రాణం పెట్టేవాడు అనుకుంటారు, కాదని ఎలా చెప్పను, పాట అయిపోయాక కళ్ళు తుడుచుకోవడం నేనే చూశాను ఒకసారి. ముప్ఫై ఐదు. పొద్దున్న అతికించిన ముక్క వస్తోంది. రాగం మధ్యలో టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే కత్తి ఆగిపోతుంది, అక్క గొంతు నోట్లోకి వెళ్ళిపోతుంది, ఒక ఊపిరి లోపలికి, అంతే. ఆ రోజు బావ ఇంటికొచ్చి తలుపు తీసిన చప్పుడు అది. మూడేళ్ళుగా ఆ ముక్క కోసేసే వేశాను, ఇవాళ నిమిషాలు చాలక వదిలేశాను. బావ కళ్ళు తెరిచాడు.

"ఏంటే ఆ టక్కుమన్న సౌండు?" అన్నాడు. "బాగుంది. అక్కడ డ్రమ్ము పడాలి గట్టిగా."

"వేస్తాను బావా."

తన తలుపు తనకే తెలియలేదు. నవ్వొచ్చింది నాకు, మింగేశాను. ముప్ఫై ఆరున్నర. అతను చేతిగడియారం చూసుకుని బల్ల మీద ఒక దెబ్బ వేశాడు, "సరే, పైకెళ్తా. ఎవడో ఒకడు టికెట్ లేకుండా దూరుతాడు." ఉండు బావా అన్నాను, ఇంకా ఉంది, అసలుది ఇప్పుడొస్తుంది అన్నాను, అప్పటికే తిరిగిపోయాడు, జనంలోంచి దారి చేసుకుంటూ మెట్ల వైపు, ఆ వెడల్పు వీపు. ఇంకా పదమూడు నిమిషాలు. అక్క ఇప్పుడు టికెట్ వరసలో ఉంది.

మూడో అంకె పాట కుడిపక్క ప్లేయర్లో ఎక్కించి ఉంది. ఎప్పుడు ఎక్కించానో గుర్తులేదంటే నమ్మకండి, పొద్దున్న ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే జాబితాలో పెట్టుకున్నాను, దేనికన్నా మంచిదని. ఫేడర్ పైకి తోశాను. ఎనిమిది మీద మూడు. అక్క గొంతు మీద అర మెట్టు తేడాతో ఇంకో గొంతు, లావుపాటి బేసు, రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటూ. తర్వాత వేగం. శ్రుతి కదలకుండా బిగించే మీట ఒకటుంది, అది నొక్కి వేగం పెంచితే గొంతు అలాగే ఉంటుంది, పాట పరిగెత్తుతున్నట్టు ఎవరికీ తెలియదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. నూట ఇరవై నాలుగు. ఇరవై ఏడు. ముప్ఫై. ముప్ఫై ఒకటి. నూట ఇరవై రెండులో జనం ఆడతారు, ఇరవై ఆరులో గెంతుతారు, ముప్ఫై దాటాక పక్కవాడి ఒళ్ళు అడ్డొస్తుంది. ఐదేళ్ళు ఈ బల్ల వెనక నిలబడి నేర్చుకున్నాను ఇది, జనాన్ని ఇక్కడిదాకా తీసుకురాకూడదని నేర్చుకున్నాను. మొహాలు మారుతున్నాయి. నొసళ్ళు ముడుచుకున్నాయి, ఒకమ్మాయి చెవులు మూసుకుంది, ఒకడు నా వైపు చెయ్యి ఊపి బూతు తిట్టాడు. పసుపు చొక్కా ఒకతను, పాపం అతనేం చెయ్యలేదు, వెనక్కి అడుగేస్తే మోచెయ్యి ఒక లావుపాటాయన గ్లాసుకి తగిలింది. లావుపాటాయన తోశాడు. పసుపు చొక్కా తోశాడు. మామూలుగా అయితే సారీ బ్రదర్ అనుకుని నవ్వుకునేవాళ్ళే. కొట్టుకోండి, అనుకున్నాను, కొట్టుకోండ్రా, చేతులు లేవా మీకు. గ్లాసు పగిలింది. ఎవరో కెవ్వుమన్నారు. మూడో మెట్టు మీద బావ వెనక్కి తిరిగాడు.

అతను దిగుతుంటే మొహం చూశాను. కోపం లేదు. ఆకలేసినవాడు వడ్డించిన కంచం ముందు కూర్చున్నప్పటి మొహం. లావుపాటాయన జారుకున్నాడు, పసుపు చొక్కా దొరికాడు, మెడ పట్టుకుని గోడకి కొట్టాడు, కింద పడ్డాక కాలితో. జనం గుండ్రంగా వెనక్కి జరిగారు. నాలుగూ ముప్ఫై ఎనిమిది. తెల్ల లైటు పడింది. హాలంతా ఒక్కసారిగా తెల్లగా, ఆస్పత్రిలా, నేల మీద గ్లాసు ముక్కలు, పసుపు మీద ఎరుపు. నాలుగు బీట్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా చెయ్యి ఫేడర్ మీదే ఉంది. ఐదు. ఆరు. పాట ఆపితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే మెట్లు, మెట్ల పైన ఫోను, ఫోనులో అతని అమ్మ. ఆ చివర బాబాయి లేచి నిలబడి చేతులు అడ్డంగా ఊపుతున్నాడు, ఆపమ్మా ఆపు. కాలితో పొగ మిషను మీట తొక్కాను. తెల్లటి పొగ నాకూ ఆయనకీ మధ్య లేచింది, తల వంచి హెడ్‌ఫోన్ రెండు చెవులకీ పెట్టేసుకున్నాను, ఏదో పాట వెతుక్కుంటున్నట్టు. తొక్కుతూనే ఉన్నాను.

నలభై ఒకటి. పొగ పలచబడ్డ చోట బాబాయి కనిపించాడు, లైట్ల బల్ల వదిలి వస్తున్నాడు, ఆ వంగని మోకాలితో, కళ్ళజోడు దారం పట్టుకుని, అందరూ వెనక్కి జరుగుతుంటే ఈయనొక్కడు ముందుకి. వద్దు బాబాయ్. బయటికి అనలేదు, అన్నా వినపడదు, నేనే వినపడకుండా చేశాను. వెళ్ళి బావ చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అన్నాడు, వదిలెయ్ నాయనా అనుంటాడు, ఆయన ఎవర్నైనా నాయనా అనే అంటాడు. బావ చూడకుండా ఒక్క విసురు విసిరాడు, కళ్ళజోడు ఎగిరిపోయింది. ముసలాయన కదా, అంతటితో వదిలేస్తాడనుకున్నాను. మళ్ళీ వచ్చి పట్టుకున్నాడు బాబాయి, పిచ్చి మనిషి, పసుపు చొక్కా మీద అడ్డంగా పడ్డాడు. బావ వంగాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ నాలుగు. నూట ముప్ఫై ఒకటిలో ఉంది పాట, అతని చెయ్యి నేను వేసిన బీటు మీదే పడుతోంది, ఒక్కటి కూడా తప్పడం లేదు, పైన అక్క గొంతు కూనిరాగం తీస్తూనే ఉంది, నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని లెక్కపెడుతున్నాను. టీవీ పెట్టింది ఈసారి నేను. తెలిసింది నాకు, ఎక్కడో తర్వాత కాదు, అప్పుడే, ఆ ఎనిమిదో దెబ్బ దగ్గరే తెలిసింది, తెలిసీ చెయ్యి కదపలేదు. అక్క అయితే పన్నెండేళ్ళు తింది, వీళ్ళు తొమ్మిది నిమిషాలు తినలేరా, అని కూడా అనుకున్నాను. అనుకున్నాను, దాచి ఏం లాభం. నలభై మూడు. పాట అయిపోవస్తుంటే ఆఖరి నాలుగు బార్లు పట్టి తిప్పాను, అదే ముక్క మళ్ళీ మళ్ళీ. ఎవరో నా బల్ల మీద గుద్దుతూ ఆపు ఆపు అని అరుస్తున్నారు, ఒకమ్మాయి ఏడుస్తోంది, చాలామంది మెట్ల మీద తోసుకుంటున్నారు, బావ వెళ్ళే దారి నిండిపోయింది, మంచిదే. పసుపు చొక్కా పాక్కుంటూ జనంలోకి వెళ్ళిపోయాడు. మిగిలింది బాబాయి ఒక్కడే. నలభై ఆరు. లేవబోయాడు. లేవకు బాబాయ్, పడుకో, చచ్చినట్టు పడుకో, నీకు దణ్ణం పెడతాను. లేచాడు. నలభై ఏడు. నలభై ఎనిమిది. మళ్ళీ పొగ తొక్కాను, చూడలేక, పొగలోంచి చప్పుడు మాత్రం వస్తోంది, పరుపు దులిపినట్టు. నలభై తొమ్మిది. యాభై. ఫోన్లో ఏమీ లేదు. యాభై దాటింది, ఏమీ లేదు, బస్సు ఎందుకు కదలదు, డ్రైవరు ఎక్కడ చచ్చాడు, నిమిషానికి నూట ముప్ఫై ఒకటి, ఇంకో నూట ముప్ఫై ఒకటి. యాభై రెండు.

"బస్సు కదిలిందే."

ఆపేశాను. అంత చప్పుడు తర్వాత చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. పొగ కిందికి దిగుతోంది. మధ్యలో బావ వంగి నిలబడి ఉన్నాడు, చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చింది, అందరూ తననే చూస్తున్నారని చూసి నిటారుగా అయ్యాడు. రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు, ఉంగరం విడిగా తుడుచుకున్నాడు. "తాగి గొడవ చేస్తున్నారు" అన్నాడు ఎవరితోనో. నా వైపు చూసి "ఆపడానికి ఇంతసేపా? తలెక్కడ పెట్టుకున్నావే?" అని జనాన్ని తప్పించుకుంటూ మెట్లెక్కాడు. వెళ్ళనీ. ఇంకో నిమిషంలో ఫోన్ మోగుతుంది, ఇంకో ఐదు నిమిషాల్లో బస్టాండులో ఖాళీ చోటు చూస్తాడు, ఆ తర్వాత ఎవరి కోసం వస్తాడో నాకు తెలుసు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి కిందికి దిగాను. గ్లాసు ముక్కలు చెప్పు కింద విరుగుతున్నాయి. బాబాయి పక్కకి తిరిగి పడి ఉన్నాడు, ఒక కన్ను మూసుకుపోయింది, చెవిలోంచి సన్నగా రక్తం. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి పైకి పరిగెత్తారు. ఆయన రెండో కన్నుతో నన్ను వెతుక్కున్నాడు, కళ్ళజోడు లేక నేనో కాదో అని చాలాసేపు చూశాడు. నా చెయ్యి తట్టాడు, నేను భయపడ్డానేమో అన్నట్టు.

"ఏడవకమ్మా," అన్నాడు. "నేను లైటేశాను. ఈ పాడు పొగలో నీకు కనపళ్ళేదు, అంతే కదూ."

అవునంటే అయిపోతుంది. అవుననడానికి నోరు తెరిచాను కూడా.

"కనపడింది బాబాయ్," అన్నాను.

ఆ ఒక్క కన్ను నా మీద నుంచి తిప్పేసుకున్నాడు. తర్వాత నా చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నాడు.